అత్తగారికి కొత్త చట్టం నేర్పిన రోజు

మా అత్తగారికి పాఠం చెప్పమని నన్ను పంపిన పెద్ద డాక్టరమ్మగారికి పెళ్ళి కాలేదు. అయ్యుంటే, అత్తగారంటే ఏమిటో తెలిసి, ఇంకెవరినైనా పంపేవారు.

మేమిద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులం. ఆవిడకి ఐసీయూలో ముప్పై ఏళ్ళ సర్వీసు, నాకు ఎనిమిదేళ్ళు. అవయవదానం చట్టం మారింది కాబట్టి నర్సులందరికీ శిక్షణ ఇవ్వాలన్నారు, ఆ పని నా నెత్తిన పడింది. ఇన్నాళ్ళూ మనిషి పోతే, ఇంటివాళ్ళు ఇస్తామంటేనే అవయవాలు తీసుకునేవారు. ఇప్పుడు, బతికుండగా ఇంట్లో చెప్పిగానీ, సర్కారు రిజిస్టరులో రాయించిగానీ వద్దననివాళ్ళంతా సరేనన్నట్టే లెక్క. అయినా నర్సు ఇంటివాళ్ళతో కూర్చుని, పోయినవాళ్ళు ఎప్పుడైనా వద్దన్నారేమో కనుక్కోవాలి. "మీరు ఇస్తారా?" అని మాత్రం అడగకూడదు.

మా అత్తగారు ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నది సరిగ్గా ఆ ముక్కే.

శిక్షణ చివర పరీక్ష. ఒకరు పోయినవాళ్ళ బంధువులా నటిస్తే, ఇంకొకరు నర్సుగా మాట్లాడాలి. మూడుసార్లు తప్పితే, ఐసీయూ పక్కన ఇంటివాళ్ళతో మాట్లాడే బంధువుల గదిలోకి ఇక వెళ్ళనివ్వరు. మా అత్తగారికి ఆ గదే ప్రాణం. ఏడ్చేవాళ్ళ పక్కన ఎంతసేపు నోరు మెదపకుండా కూర్చోవాలో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఈ మాట ఇంట్లో నేను చచ్చినా అనను.

మొదటిసారి అంతా చక్కగా నడిపించి, చివర్లో "ఇస్తారా నాయనా?" అన్నారు. క్లాసంతా గొల్లున నవ్వింది. రెండోసారి ముందుజాగ్రత్తగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వేళ్ళ సందుల్లోంచి అదే ముక్క బయటికొచ్చింది.

"మేడమ్ గారూ," అన్నారు నాతో. ఇంట్లో నేను అమ్మాయిని, క్లాసులో మేడమ్‌ని. రెండింటిలో ఏది వెటకారమో ఇంకా తేల్చుకోలేదు. "ముప్పై ఏళ్ళు చెయ్యి చాచి అడిగాను. అడక్కుండా తీసుకోడం నాకు చేతకాదు."

"అది కాదత్తయ్యా... అదే, సిస్టర్. ఇదివరకు నిర్ణయం ఇంటివాళ్ళ మీద పడేసేవాళ్ళం. ఇచ్చి తప్పుచేశామా అని ఏడాది తర్వాత కూడా వచ్చి మీ దగ్గరే ఏడ్చేవాళ్ళు కదా. ఇప్పుడా బరువు లేదు. పోయిన మనిషి ఏమన్నారో చెప్తే చాలు."

ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

మూడోసారికి బంధువుగా నటించడానికి ఎవరూ లేవలేదు. ఆవిడ తప్పితే ఆ పాపం తమకి చుట్టుకుంటుందని భయం. సరేనని నేనే కూర్చున్నాను. "పోయింది మీ అత్తగారనుకోండి!" అని వెనక బెంచీలోంచి ఎవరో సలహా ఇచ్చారు. అందరితోపాటు నేనూ నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మీ అత్తగారు ఎప్పుడైనా ఈ సంగతి మీతో అన్నారామ్మా? వద్దనిగానీ, సరేననిగానీ?" అని అడిగారు.

ఇంటికెళ్ళి మీవాళ్ళని అడగండని ఆరు బ్యాచీలకు పాఠం చెప్పినదాన్ని. ఆవిడతో ఒకే వంటగదిలో ఐదేళ్ళుగా తిరుగుతున్నాను, ఒక్కసారీ అడగలేదు. ఆవిడ లేని వంటగది కళ్ళముందు కదిలి, నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"తెలీదు," అన్నాను.

"పర్లేదమ్మా." ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "రిజిస్టరులో కూడా చూశాం, వద్దని ఎక్కడా రాయలేదు. అంటే సరేనన్నట్టే. మీరు తేల్చాల్సిందేమీ లేదు."

పాస్ అని రాద్దామంటే కాగితం కనబడితేగా.

అందరూ వెళ్ళాక అడిగాను. "నిజంగా మీకేమిష్టం, అత్తయ్యా?"

"అన్నీ ఇచ్చెయ్యి. మోకాళ్ళు మాత్రం ఎవరికీ అంటగట్టకు, తిట్టుకుంటారు." కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. "ఆ రోజు నీ పక్కన కూర్చోబోయే నర్సు పిల్లకి మాత్రం సరిగ్గా నేర్పు అమ్మాయ్. అప్పటికి నేనుండను."