ఎవరూ అందించొద్దు

మా తమ్ముడు ఎడ్విన్‌ను పూడ్చిన రోజునే నా కళ్ళజోడు పోయింది.

మా దీవిలో శవపేటికను గుంటలోకి దింపేటప్పుడు దగ్గరివాళ్ళు తలా ఒక తాడు పట్టుకుంటారు. అక్కను కాబట్టి తలవైపు తాడు నాకిచ్చారు. ఫిబ్రవరి గాలి, సన్నని తుంపర. తాడు వదులుతూ ముందుకు వంగాను. కళ్ళజోడు జారి పేటిక మూత మీద పడి, పక్కకు దొర్లి లోపలికి పోయింది. పాస్టరుగారు ప్రార్థన ఆపారు. గుంట తవ్విన మాన్సీ డ్రెవర్ నా పక్కకు వచ్చి, "దిగి తియ్యనా పిల్లా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. పాస్టరుగారు ఆపిన చోటి నుంచే మళ్ళీ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం మా ఇంట్లో అందరికీ సూపు పోస్తూ పక్కింటి డవీనా నా చెవిలో అంది: "పుస్తకం పట్టుకోవయ్యా అంటే తీరిక లేదనేవాడు కదే థోరా. ఇప్పుడు తీరికా ఉంది, కళ్ళజోడూ ఉంది."

ఆ వారంలో నేను నవ్వింది అప్పుడే.

మా ఇల్లు దీవికి ఈ కొసన, నేను పాఠాలు చెప్పే బడి ఆ కొసన. ఎడ్విన్ రోజూ పొద్దున్నే నన్ను కారులో బడి దగ్గర దింపి తన పడవ దగ్గరికి వెళ్ళేవాడు. నాకూ లైసెన్సు ఉంది. కాని నడిపే మనిషి ఇంట్లో ఉండగా నాకు ఆ అవసరం రాలేదు. వాడు పోయాక డవీనా దింపేది. ఆగస్టులో ఆమె కూతురి పురుటికి అబర్డీన్ వెళ్ళాలి. అప్పటికి నేను కారు నడపకపోతే, బడిని పట్నం నుంచి వచ్చే మరొకరికి అప్పజెప్పాలి. ముందు బండి నంబరు చదవలేని మనిషి స్టీరింగు పట్టడానికి చట్టం ఒప్పుకోదు. సొరుగులోంచి తీసిన పాత కళ్ళజోడుతో నాకు గొర్రెకూ బండరాయికీ తేడా తెలిసేది కాదు. కదిలితే గొర్రె.

పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. అయితే మా అమ్మకు నీటికాసులు వచ్చి చూపు పోయింది. చివరి రోజుల్లో టీకప్పు కోసం బల్లంతా తడిమేది. నాది అద్దాలు మారిస్తే పోయే మసకో, మా అమ్మ మసకో అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవడానికి తొందరపడలేదు కూడా.

కళ్ళ డాక్టరమ్మ ఏడాదికి రెండుసార్లు పడవలో మా దీవికి వస్తుంది. జూన్‌లో వచ్చింది కర్స్టీ మ్యూర్ అనే కొత్తమ్మాయి. పెట్టెలన్నీ ఊరి హాల్లో దించి, నాటకాలకు వాడే తెర లాగి, దాని వెనక తన సామాను సర్దుకుంది. తెరకు ఇవతల బెంచీల మీద మేమందరం. డవీనా టీ, జున్ను వేసిన స్కోను రొట్టెలు అందిస్తోంది. తెర పలచన. లోపల వెలిగే అక్షరాల పలక ఇవతలికీ కనబడుతుంది, దగ్గినా వినబడుతుంది.

ముందు మాన్సీ వెళ్ళాడు.

"ఎన్... డి... తరవాతది ఈ గానీ బి గానీ."

"బి," అంది ఇవతలి నుంచి డవీనా, స్కోను మీద వెన్న రాస్తూ.

"బి అట," అన్నాడు మాన్సీ.

"నేను చూస్తున్నది డవీనాగారి కళ్ళు కాదండీ," అంది కర్స్టీ.

"ఎవరివైతేనేం అమ్మా, అక్షరం వచ్చిందిగా."

మా దీవిలో ఎవరైనా ఒకచోట ఆగిపోతే పక్కవాడు చెయ్యి వెయ్యాల్సిందే. పడవ లాగడమైనా, గొర్రెల బొచ్చు కత్తిరించడమైనా అంతే. కళ్ళ పరీక్ష వేరని ఎవరికీ తోచలేదు. మాన్సీ తరువాత వెళ్ళినవాళ్ళకు మరొకరు, వాళ్ళకు ఇంకొకరు అందించారు. నా వంతు వచ్చేసరికి హాల్లో అందరికీ ఆ అక్షరాల పలక మొత్తం కంఠతా వచ్చేసింది. నాకూ వచ్చింది.

కర్స్టీ నన్ను కూర్చోబెట్టి మొదట మాటలతోనే పరీక్ష చేసింది. తలనొప్పి వస్తుందా, మందులేమైనా వాడుతున్నానా, వెలుగు చుట్టూ రంగుల వలయాలు కనబడతాయా అని అడిగింది. ఇంట్లో ఎవరికైనా కంటి జబ్బులున్నాయా అంటే అమ్మ సంగతి చెప్పాను.

"అన్నదమ్ములకు?"

"తమ్ముడు. కళ్ళు బాగుండేవి."

ఆమె పెన్ను కాసేపు ఆగింది. తరువాత రాసుకుంది.

పాత కళ్ళజోడుతోనే పలక చదవమంది. పై రెండు వరుసలు చదివాను. మూడోది సగంలో ఆగింది. బండి నడపాలంటే కనబడాల్సింది ఆ కింది వరుస. అందులో ఏముందో నాకు కనబడలేదు. ఏముందో తెలుసు.

నేను మాట్లాడకపోయేసరికి తెరకు అవతల గుసగుస మొదలైంది. "హెచ్." "హెచ్, జెడ్." "జెడ్ తరవాత పి, టీచర్."

"ఎవరూ అందించొద్దు," అన్నాను.

గట్టిగా అనలేదు. అయినా గుసగుస ఆగింది. టీకప్పు సాసరులో పెట్టిన చప్పుడు కూడా వినబడింది.

"అందరూ మీ దగ్గర చదువుకున్నవాళ్ళేనా?" కర్స్టీ మెల్లగా అడిగింది.

"సగం మంది. అప్పుడూ ఇంతే."

"ఈ వరుస చదవగలరా మరి?"

"అప్పజెప్పగలను. చదవలేను. అక్షరాలు మార్చండి."

ఆమె మీట నొక్కింది. పలక మీద కొత్త వరుస వచ్చింది.

"ఏమీ కనబడటం లేదు," అన్నాను. తెరకు అవతల ఈసారి ఎవరూ అందించలేదు.

ఆమె నా ముక్కు మీద ఒక బరువైన చట్రం పెట్టి, దాని గాడుల్లో అద్దాలు మారుస్తూ అడగడం మొదలుపెట్టింది. "ఇది బాగుందా? ఇది బాగుందా?"

"బాగుండడం అంటే నల్లగానా, స్పష్టంగానా?"

"మీకు ఏది హాయిగా ఉంటే అది."

"మొదటిది నల్లగా ఉంది. రెండోది స్పష్టంగా ఉంది. హాయి సంగతి చెప్పలేను."

"తప్పు జవాబంటూ ఉండదు టీచర్ గారూ."

"నా పిల్లలకు నేనూ ఏటా అదే చెబుతాను. ఇంతవరకు ఒక్కడూ నమ్మలేదు."

ఆమె నవ్వింది. చెయ్యి కదిలి అద్దం జారింది. మళ్ళీ మొదటి నుంచి చేశాం. అద్దం మీద అద్దం పడేకొద్దీ మసక పలచబడింది. చివరకు ఆ వరుస చదివాను. దాని కింది వరుస కూడా, ఒక్కటి తప్ప, చదివాను. అవతల ఎవరో ఊపిరి వదిలారు.

అద్దాల సంగతి తేలింది. అమ్మ సంగతి మిగిలింది. కంట్లోకి టక్కున గాలి ఊదే యంత్రం ముందు గడ్డం ఆనించి కూర్చున్నాను. కంటి ఒత్తిడి కొలవడానికట. ఊదిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. తరువాత పెద్ద గిన్నెలాంటి దానిలోకి చూడమని చేతికి ఒక మీట ఇచ్చింది. మధ్యచుక్క మీదే చూపు నిలిపి, పక్కన ఎక్కడ వెలుగు మెరిసినా నొక్కాలి. చాలాసేపు ఏమీ మెరవలేదు. కనబడకపోయినా నొక్కాలనిపించింది. నొక్కలేదు.

"కొన్ని ఎవరికీ కనబడనంత సన్నగా వస్తాయి, కంగారు పడకండి," అంది ఆమె. ఆ మాట కాస్త ముందే చెప్పి ఉండాల్సింది.

ఆ తరువాత రెండు కళ్ళలో చుక్కలు వేసింది. కంటిపాపలు విచ్చుకునేదాకా బెంచీ మీద కూర్చోమంది. హాలు తెల్లగా వెలిగిపోయింది. మనుషుల అంచులు కరిగిపోయాయి. మాన్సీ నా ముఖంలోకి వంగి చూశాడు.

"ఎలకలు పట్టుకోవడానికి పంపొచ్చు. అచ్చం గుడ్లగూబే."

"నీ ముఖం కనబడటం లేదు మాన్సీ. బాగుంది," అన్నాను.

డవీనా నా చేతిలో స్కోను పెట్టి, ఆ చెయ్యి వదలకుండా పక్కనే కూర్చుంది.

కర్స్టీ పిలిచింది. కళ్ళలోకి దీపం పెట్టి పైకి, కిందికి, పక్కలకు చూడమంటూ చాలాసేపు చూసింది. ఆమె ఊపిరి నా చెంపకు తగిలేంత దగ్గరగా ఉంది. చివరకు దీపం తీసేసింది.

"కంటి నరం బాగుంది. ఒత్తిడి మామూలుగానే ఉంది. పక్కచూపు కూడా. మీ అమ్మగారి జబ్బు జాడ నాకేమీ కనబడటం లేదు. కుడికంట్లో శుక్లం కొంచెం మొదలైంది, దానికింకా చాలా టైముంది. అయితే అమ్మగారికి ఉంది కాబట్టి ఏటా తప్పకుండా చూపించుకోవాలి."

"కారు?"

"కొత్త అద్దాలు వచ్చాక నడపొచ్చు. ఇవాళ మాత్రం సైకిలు కూడా వద్దు."

తెరకు అవతల చప్పట్లు మోగాయి.

"ఇక్కడ చెప్పుకున్నవి మనిద్దరి మధ్యే ఉండాలండీ," అంది కర్స్టీ, తెర వైపు చూస్తూ.

"ఉంటాయమ్మా," అన్నాడు మాన్సీ. "ఈ దీవి దాటవు."

డవీనా తన నల్లకళ్ళజోడు నాకు పెట్టి వానలో ఇంటికి తీసుకెళ్ళింది. ఎదురైన ప్రతివాళ్ళూ పలకరించారు. అప్పటికే అందరికీ తెలిసిపోయింది.

కొత్త కళ్ళజోడు జులైలో పడవలో వచ్చింది. దాన్ని పెట్టుకుని రేవు దగ్గర నిలబడి, ఆగిన బండ్ల నంబర్లు వరుసగా చదివాను. డవీనా ఒక్కో బండి దగ్గరికి నడిచి వెళ్ళి సరిచూసింది. ఒక్కటీ తప్పలేదు. పక్కన ఆమె కూర్చుంటే, ఆమె కారును బడిదాకా నడిపి వెనక్కి తెచ్చాను. మూల మలుపు దగ్గర తప్ప ఆమె కళ్ళు మూసుకోలేదు.

డవీనా వచ్చే వారం అబర్డీన్ వెళ్తోంది. ఆమె కారు ఆమెతోనే పోతుంది. బడి తెరిచే రోజున నేను ఎడ్విన్ కారులో వెళ్ళాలి. నిన్న షెడ్డు తలుపు తీసి దానిలో కూర్చున్నాను. వాడి కాళ్ళు పొడవు. సీటు బాగా వెనక్కి ఉంది, పెడల్ నా కాలికి అందలేదు. సీటును ముందుకు జరపాలి. ఇంకా జరపలేదు.