అత్తగారి స్టీరింగు

ఒడీల్‌కి ప్రయాణమంటే ఎంత ఇష్టమో బయలుదేరడమంటే అంత భయం. ఆంజే ఊళ్ళో తమ ఇంటి తలుపుకి తాళం వేసేటప్పుడు, మళ్ళీ ఈ తాళం తీసేది మనమేనా అనిపిస్తుంది ఆమెకి. ఆ మాట మొగుడితో అంటే నవ్వుతాడని, పూలకుండీలకి నీళ్ళు పోశానా లేదా అన్న దిగులుగా దాన్ని మార్చి చెబుతుంది. బండి ఊరు దాటి, నది పక్కన పొద్దుతిరుగుడు చేలు మొదలయ్యాకే గుండె కుదుటపడుతుంది. ఇక అక్కడినుంచి ఆమెంత హాయిగా తిరిగే మనిషి ఇంకొకరుండరు.

వాళ్ళది మంచం, పొయ్యి, చిన్న స్నానాలగది అన్నీ ఉన్న ఇంటిబండి. ఆమె మొగుడు రెజిస్ జీవితమంతా ఇళ్ళ కప్పులకి పలకరాళ్ళు పరిచి, మోకాళ్ళు అరిగిపోయాక పని మానేసి దాన్ని కొన్నాడు. బండికి ‘అత్తగారు’ అని పేరు పెట్టాడు. ఎత్తు ఎక్కితే మూలుగుతుంది, తిండి ఎక్కువ, ఎక్కడ నిలబడ్డా తనకే చోటు చాలదంటుంది. ఒడీల్ వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ ఈ పేరు ఆమె చెవిన పడకుండా ఇద్దరూ జాగ్రత్తపడ్డారు.

వాళ్ళకి తొందరంటూ లేదు. పొద్దున్న ఏ ఊళ్ళో రొట్టె వాసన వస్తే ఆ ఊళ్ళో ఆగుతారు. మధ్యాహ్నం చెట్టునీడన మడతకుర్చీలు వేసుకుని పుచ్చపండు కోసుకుంటారు. సాయంత్రం బళ్ళు ఆపుకునే చోటికి చేరితే ఏటేటా కనపడే ముఖాలే. అయితే ఆ ముఖాల్లో ఏటా ఒకటి తగ్గుతుంది. బ్రిటనీ నుంచి వచ్చే ఆకుపచ్చ చారల బండి కిందటేడు రాలేదు. అడిగితే, ఆయన పోయాడు, ఆమె బండి అమ్మేసింది అన్నారు. ఆ పూట ఒడీల్ అన్నం ముట్టలేదు. బండి అమ్మడమంటే ఆమె లెక్కలో మనిషి సగం పోవడమే.

క్రూజ్ ప్రాంతంలో దారులు సన్నన, రెండుపక్కలా మనిషెత్తు కంచెపొదలు. పొదల మధ్యనుంచి ఏ సందు ఎప్పుడు వచ్చి కలుస్తుందో తెలియదు. గుర్తుపలక లేనిచోట కుడిపక్కనుంచి వచ్చేవాడిదే దారి. వాడు గాడిద మీద వస్తున్నా సరే, మనమే ఆగాలి. వాళ్ళ దేశంలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది; అందుకని కుడి సీట్లో కూర్చునే ఒడీల్ ప్రతి సందు దగ్గరా ముందుకి వంగి తొంగిచూసి, “ఎవరూ లేరు, పోనీ,” అంటుంది. ఎవరైనా ఉంటే, “ఆగు,” అంటుంది. మొదట్లో మాట సాయంగా మొదలైంది. ఎప్పుడో అది అలవాటైపోయింది.

ఆరోజు ఆమె ఒడిలో చెర్రీపళ్ళ పొట్లం ఉంది. ఇద్దరికీ చిన్న తగువు కూడా నడుస్తోంది. చెరువు దగ్గర భోంచేద్దామని ఆమె, చర్చి వెనక నీడుందని అతను. ఆమె అలిగి, నోటినిండా పళ్ళు కుక్కుకుని, గింజలు కిటికీలోంచి ఉమ్ముతూ కూర్చుంది. సందు వచ్చింది. ఆమె ‘ఆగు’ అనలేదు. రెజిస్ పోనిచ్చాడు.

ఎండుగడ్డి కట్టలు కొండలా వేసుకున్న ట్రాక్టరు సరిగ్గా వాళ్ళ కుడి తలుపు ముందు కీచుమంటూ నిలబడింది. రెజిస్ బ్రేకు తొక్కాడు. అత్తగారి కడుపులో అల్మరా తలుపు తెరుచుకుని పళ్ళేలన్నీ నేలపాలయ్యాయి. ఒక కట్ట మాత్రం ట్రాక్టరు మీదనుంచి దొర్లి, తీరిగ్గా రోడ్డు మధ్యన కూర్చుంది.

ట్రాక్టరు మీదనుంచి ఒక ముసలావిడ దిగింది. మగవాళ్ళ ప్యాంటు, పూల జాకెట్టు, తలకి గుడ్డ.

“ఏం బాబూ, కుడిచెయ్యంటూ ఒకటుందని మీ ఊళ్ళో చెప్పలేదా? పారిస్ వాళ్ళా?”

“ఆంజే వాళ్ళమండీ,” అన్నాడు రెజిస్ ఎర్రబడిన మొహంతో.

“అయితే ఇంకా సిగ్గుచేటు. పారిస్ వాళ్ళకైతే తెలీదనుకుంటాం.”

“తప్పు నాదండీ,” అంది ఒడీల్. పళ్ళ పొట్లం పక్కకి నెట్టేసింది. “చూసి చెప్పాల్సింది నేను. నోట్లో పళ్ళున్నాయి.”

ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “నడిపేది ఆయన, చూసేది నువ్వు. బాగుంది సంసారం.” తర్వాత ఒడీల్ మొహం చూసి మెత్తబడింది. “నా పేరు యోలాండ్. పన్నెండవుతోంది. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరితోనూ పోట్లాడకూడదు. ఆ కట్ట ఎత్తి పడేసి నా వెనకే రండి.”

పశువుల కొట్టం పక్కన వాల్‌నట్ చెట్టు కింద బల్ల వేసింది యోలాండ్. బంగాళాదుంపలూ మీగడా కూరి కాల్చిన పెద్ద రొట్టె, సలాడు ఆకులు, సొంత ద్రాక్షసారా. మాటల్లో ఆవిడ మొగుడు పోయిన సంగతి వచ్చింది. ఆవిడ దాన్ని వానల గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. రెజిస్ తేరుకుని కప్పుల కబుర్లలో పడ్డాడు. ఆవిడ కొట్టం కప్పులో ఏ పలక జారిందో కూర్చున్నచోటినుంచే చెబుతున్నాడు.

చివర్లో చీజ్ పళ్ళెం వచ్చింది. యోలాండ్ దాన్ని రెజిస్ కుడిచేతి పక్కన పెట్టింది. అతను మాట్లాడుతూనే ఉన్నాడు. రొట్టెముక్క చేతిలో పట్టుకుని, బల్లంతా వెతుకుతున్నాడు.

“ఏమండీ, ఈ ఊళ్ళో మేకలు లేవా ఏమిటి?” అని నవ్వాడు. “భోజనం చీజ్ లేకుండానే ముగిస్తారా?”

యోలాండ్ ఏదో అనబోయింది. ఒడీల్ బల్ల కింద ఆవిడ కాలు నొక్కింది. పెళ్ళయిననాటినుంచి ఏ విందులోనూ చీజ్‌ని తనని దాటి పోనివ్వని మనిషి ఇతను. ఆమె లేచి పళ్ళేన్ని ఎడమవైపుకి జరిపింది. “ఆహా, వచ్చింది,” అన్నాడు రెజిస్.



బండిలో పగిలిన పళ్ళేల పెంకులు ఊడుస్తూ ఒడీల్ అడిగింది. “కుడివైపు నీకు కనపడదు కదూ?”

అతను చేటలో పెంకులు ఎత్తాడు. “మంచు కమ్మినట్టుంటుంది.”

“ఎప్పట్నుంచి?”

“వసంతం నుంచి. కళ్ళడాక్టరు ద్రాక్షకోతలయ్యాక రమ్మన్నాడు. ఈలోగా ఖాళీ లేదట. ఎలాగూ ఆగాలి గదా, ఈ ఒక్క వేసవి తిరిగేద్దాం అనుకున్నాను.”

“నా మాట మీద నడుపుతున్నావన్నమాట. నేను తుమ్మితే చచ్చేవాళ్ళం. అది నీకు తెలుసు. నాకు తెలీదు.”

“నువ్వు ఎప్పుడూ చూస్తావుగా ఒడీల్. ఎప్పుడూ తప్పలేదుగా.”

“సిగ్గులేదూ?”

“ఉంది.” అతను మంచం అంచున కూర్చున్నాడు. “చెబితే ఇంటికి పద అంటావు. ఇంటికెళితే కిటికీ దగ్గర కుర్చీ. కుర్చీలో కూర్చున్నాక ఇక లేపేవాళ్ళుండరు. అందుకని చెప్పలేదు. పోనీ, ఇప్పుడు చెబుతున్నా. అమ్మేద్దాం అత్తగారిని. రైల్లో పోదాం.”

ఒడీల్ చీపురు పట్టుకుని నిలబడిపోయింది. ఆకుపచ్చ చారల బండి కళ్ళముందు తిరిగింది. ఇతన్ని ఇంకొక్క మైలు కూడా నడపనివ్వకూడదు. అలాగని ఈ బండి దిగిపోతే, వాళ్ళిద్దరి మధ్యా ఏదో దిగిపోతుందని ఆమెకి నిశ్చయంగా తెలుసు.

మెట్టు మీద చీజ్ ముక్క తింటూ యోలాండ్ నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి వింటోందో ఏమో.

“నీకు కారు లైసెన్సు లేదా?”

“ఉంది. చిన్న కారు. బజారుకీ, చర్చికీ. ఇది ఇల్లండీ. ఇల్లు నడపడం నావల్ల కాదు.”

“నలభై ఏళ్ళు ఇల్లు నడిపే వచ్చావుగా. ఆ కాగితంతోనే ఇదీ నడపొచ్చు. నా కింది పొలం నిన్ననే కోశాం, గడ్డి కూడా ఎత్తేశాం. గుద్దుకోడానికి ఒక్క చెట్టు లేదు. దా.”

మొదట రెజిస్ పక్కన కూర్చున్నాడు. “క్లచ్చి, క్లచ్చి, అమ్మా తల్లీ, అది కాదు,” అన్నాడు. అత్తగారు ఎగిరి, దగ్గి, ఆగిపోయింది. రెండోసారీ అంతే. ఆ తర్వాత యోలాండ్ వచ్చి అటువైపు తలుపు తీసింది.

“నువ్వు దిగు నాయనా. మొగుడు పక్కనుండగా ఏ ఆడదీ ఏదీ నేర్చుకోలేదు. నేను ట్రాక్టరు నేర్చుకున్నది కూడా మా ఆయన కాలు విరిగి పడుకున్నప్పుడే.”

అతను దిగాడు. ఈసారి బండి కదిలింది. మోళ్ళ మీద మెల్లిగా దొర్లుతూ పోతుంటే ఒడీల్ ఊపిరి బిగబట్టి ఎదురుగా చూసింది. ఎర్రావులు పక్క పొలంలోంచి తలలెత్తి చూశాయి. రెండో గేరు పడింది. అప్పుడు పక్క అద్దంలోకి కళ్ళు పోయాయి. పొలం మధ్యన, చేతులు వేలాడేసుకుని, రెజిస్. టోపీ, చొక్కా, ఆ వంగిన మోకాళ్ళు. బండి ముందుకి పోయేకొద్దీ చిన్నవాడైపోతున్నాడు. బొటనవేలంత అయ్యాడు.

ఆమె స్టీరింగు మొత్తం తిప్పేసింది. వంట గిన్నెలు గలగలమన్నాయి, యోలాండ్ తలుపు పట్టుకుంది, అత్తగారు పొలమంతా కలియతిరిగి వెనక్కి మళ్ళింది. ఒడీల్ తిన్నగా పోనిచ్చి అతని ముందు ఆపింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

“చంపుతావా ఏమిటి?”

“ఎక్కు,” అంది ఆమె.

“మలుపు తిప్పడం ఎవరు నేర్పారు నీకు?”

“ఎక్కమంటున్నానా.”

యోలాండ్ దిగి అతనికి చోటిచ్చింది. “ఇక నాతో పనిలేదు,” అని కొట్టంవైపు నడిచింది.

రెండు మూడు రోజులు అక్కడే ఉండిపోయారు. ఒడీల్ పొలంలో తిప్పింది, తర్వాత పొలంనుంచి ఊళ్ళో రొట్టెలకొట్టుదాకా తిప్పింది. తపాలా ఆఫీసు గోడని కాస్త రాసుకుంది. గోడకి ఏమీ కాలేదు. రెజిస్ నిచ్చెన ఎక్కుతానంటే ఇద్దరాడవాళ్ళూ తిట్టి, కిందనుంచే చెప్పించి, జారిన పలకని యోలాండ్ చేతే సరిచేయించారు. కళ్ళ విషయం మళ్ళీ ఒక్కసారే మాట్లాడుకున్నారు. డాక్టరు సరే అనేదాకా స్టీరింగు ముట్టుకోనని అతను ఒట్టేశాడు. సరే అనకపోతే ఏమిటన్నది అడగబోయి ఆమె మానేసింది. అడగాల్సినన్ని భయాలు ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఇది ఇంకోరోజుకి దాచుకోవచ్చు.

వెళ్ళేరోజు యోలాండ్ ఇద్దరి బుగ్గలకీ ముద్దులు పెట్టింది. ఒడీల్‌కి కళ్ళు నిండాయి.

“ఏడుస్తూ బండి నడపకూడదు,” అంది యోలాండ్. “ఏడుపు వస్తే ఆపి, దిగి ఏడువు.”

రోడ్డు మీదికి వచ్చాక వెనకాల కార్లు చేరాయి. ఒకటి హారను కొట్టింది. ఇంకొకటి కొట్టింది. ఒడీల్ రెండు చేతుల్తో స్టీరింగు పట్టుకుని, పెళ్ళి ఊరేగింపుకి ముందు నడిచే మనిషిలా అందరినీ వెంటేసుకుని పోయింది. వీలైనచోట పక్కకి తీసి దారిచ్చింది. ఒకడు చెయ్యి ఊపి ఏదో తిట్టాడు. ఆమె తిరిగి చెయ్యి ఊపింది.

రెజిస్ మొదట ప్రతి మలుపుకీ కాలితో లేని బ్రేకు తొక్కాడు. తర్వాత కాలు ఊరుకుంది. తర్వాత కిటికీవైపు తల తిప్పి చేలని, చిన్న చిన్న చర్చి గోపురాలని, ఎండలో ఆరేసిన దుప్పట్లని చూశాడు. “ఇన్నేళ్ళు ఈ దారుల్లో తిరిగాను గానీ, రోడ్డు తప్ప ఏమీ చూడలేదు ఒడీల్,” అన్నాడు. కాసేపటికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు.

ఆమె అప్పుడప్పుడూ అతని పొట్టవైపు చూసింది. లేస్తోంది, దిగుతోంది.

దారి రెండుగా చీలింది. లేపి అడగాలి. ఎప్పుడూ అతనే చెబుతాడు. కుడివైపు పలక మీద వాళ్ళు అనుకున్న ఊరి పేరుంది. ఎడమవైపు దారి సన్నగా, పల్లంలోకి దిగుతోంది. చివర్న చెట్లమధ్య నీళ్ళు మెరుస్తున్నాయి. ఒడీల్ మెల్లిగా ఎడమకి తిప్పింది.

గతుకులకి అతను కళ్ళు తెరిచాడు. “ఎక్కడున్నాం?”

“నాకేం తెలుసు.”

“దారి తప్పావా?”

“లేదు. నేనే ఇటు తిప్పాను.”

అతను ముందుకి వంగి చూసి, మళ్ళీ వెనక్కి వాలాడు. “నీడ ఉన్నట్టుందే.”

“ఉంది. రివర్సు చేయాలి. నాకింకా సరిగ్గా రాదు. నువ్వు దిగి, నాకు కనపడేచోట నిలబడు.”

అతను దిగి ఏటిగట్టు మీద నిలబడ్డాడు. ఒడీల్ అద్దంలో అతన్ని చూసుకుంటూ, బండిని అంగుళమంగుళంగా అతనివైపుకి వెనక్కి పోనిచ్చింది.