కాగితంలో చుట్టని నాణెం

ఆ గుడ్డంటే నాకు మొదటి చూపులోనే ఒళ్ళు మండింది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గుడ్డు, మధ్యలో తపాలా బిళ్ళంత తెర, తెర మీద నల్ల చుక్కలతో అల్లిన ఒక జీవి. ఆకలేస్తే కీమంటుంది. దొడ్డికి వెళితే కీమంటుంది. ఏమీ తోచకపోయినా కీమంటుంది. పట్టించుకోకపోతే చచ్చి ఊరుకుంటుంది. తొంభై ఏడు వేసవికి మా తకావోకా ఊళ్ళో అది మెడలో వేలాడని పిల్ల లేదు. ట్రామెక్కితే కోళ్ళగంప పక్కన కూర్చున్నట్టుండేది.

మదోక మెడలోనూ ఒకటుంది. మదోక నా సొంత మనవరాలు కాదు. మా అబ్బాయి ఆ వసంతంలో పెళ్ళి చేసుకున్న యుకియెకి మొదటి కాపురంలో పుట్టిన పిల్ల. పదేళ్ళది. మత్సుఏ ఊరు వదిలి తల్లితో పాటు మా అబ్బాయి ఇంటికి వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ నన్ను "సాయొకోగారూ" అనే పిలుస్తోంది. తలుపు తీస్తే వంగి నమస్కారం, అన్నం పెడితే వంగి నమస్కారం. ఇంట్లో పిల్ల తిరుగుతున్నట్టు లేదు, బ్యాంకు గుమాస్తా వచ్చి కూర్చున్నట్టుంది. ఒక్కసారైనా అలిగితే బాగుండును, ఒక్క గిన్నె పగలగొడితే బాగుండును అనుకునేదాన్ని.

మత్సుఏలో మిగిలిన సామాను తేవడానికి అబ్బాయీ కోడలూ, పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండగ సెలవుల్లో బయల్దేరారు. పిల్లని నా దగ్గర వదలడం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర అబ్బాయి నన్ను పక్కకి లాగాడు.

"అమ్మా, ఆ గుడ్డు జాగ్రత్త."

"నేను చూడాల్సింది పిల్లనా, గుడ్డునా?"

"నవ్వకు. పాత బళ్ళో పిల్లలందరూ కలిసి కొని, వంతులేసుకుని పెంచి, వచ్చేటప్పుడు దాని చేతిలో పెట్టారు. అక్కడిదంటూ దానికి మిగిలింది అదొక్కటే. నీ దగ్గరుండగా అది చచ్చిందో, ఈ పిల్ల మళ్ళీ నీ గుమ్మం తొక్కదు."

"బొమ్మే కదరా. బొత్తాం నొక్కితే మళ్ళీ పుడుతుంది."

"ఆ మాట మాత్రం దాని ముందు అనకు," అని కారెక్కాడు.

పిల్లని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక విజ్ఞానభవనంలో లోహాల ప్రదర్శనకి తీసుకెళ్ళాను. మా ఆయన బతికున్నన్నాళ్ళూ కంచు పోతపోసినవాడు. లోహాల గురించైతే నాలుగు ముక్కలు చెప్పగలననుకున్నాను. పైగా గోడల నిండా ప్రకటనలు: "మీ గుడ్డుకీ లోహాలు చూపించండి!" పిల్లలని రప్పించడానికి ఎవరికో తట్టిన ఎత్తు. లోపలికి వెళ్ళగానే గుడ్డు పేరు రాసి ఒక అట్టముక్క ఇస్తారు. ఒక్కో బల్ల దగ్గర తెరని లోహం ముందు పెట్టి చూపిస్తే దాని మీద ముద్ర వేస్తారు.

బయల్దేరే ముందు, దారిలో ఏమైనా కొనుక్కోమని పిల్లకి వంద యెన్ల బిళ్ళ ఇచ్చాను. మా వైపు డబ్బు ఒట్టిగా చేతిలో పెట్టరు. పసిపిల్లకి ఇచ్చినా తెల్లకాగితంలో చుట్టి, కొస మెలేసి ఇవ్వాలి. మా అమ్మ అలాగే ఇచ్చింది, నేనూ అలాగే ఇచ్చాను. మదోక రెండు చేతులా అందుకుని వంగి నమస్కారం పెట్టింది. ఆ పొట్లం విప్పనైనా విప్పకుండా సంచీలో దాచుకుంది.

లోపల పిల్లలు బారులు తీరి ఉన్నారు. ప్రతివాడూ గుడ్డుని ముందుకు చాచి, దానికి అన్నీ వివరిస్తున్నాడు. నాతో నోరు విప్పని మదోక గుడ్డుతో గలగలా మాట్లాడేస్తోంది.

"మమే, ఇటు చూడు, ఇది తగరం. వంచితే ఎలా అరుస్తుందో విను." మమే అంటే చిక్కుడుగింజ. అదీ ఆ జీవి పేరు. బల్ల వెనకున్న అమ్మాయి తగరపు కడ్డీని వంచితే లోపల్నించి కిర్రుమని చప్పుడొచ్చింది. "విన్నావా? నీలాగే గోల చేస్తుంది!"

ఇంకో బల్ల మీద మెలికలు తిరిగిన తీగ ఉంది. వేణ్ణీళ్ళలో వెయ్యగానే విప్పుకుని పాత ఆకారానికి వచ్చేసింది. మదోక గుడ్డుని నీళ్ళకి దగ్గరగా పట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

"చూశావా మమే. ఎంత వంచినా దీనికి పాతది గుర్తుంటుంది."

నాకు దక్కని కబుర్లన్నీ ఆ చుక్కలకి దక్కుతున్నాయి. అరవై దాటిన దాన్ని, ప్లాస్టిక్ గుడ్డు మీద అసూయపడ్డాను.

చివరి బల్ల నాణేలది. పది యెన్ల బిళ్ళలో ఉండేది రాగి, ఒక యెన్ బిళ్ళ అల్యూమినియం. ఉప్పునీళ్ళలో తడిపిన కాగితంతో వాటిని పేరిస్తే కరెంటు పుడుతుందట. అద్దాల పెట్టెలో అలా పేర్చిన దొంతి ఒకటి ఉంది. బయట బల్ల మీద ఉప్పునీళ్ళ గిన్నె, కాగితం ముక్కలు, పుట్టినరోజు కార్డుల్లో పాట పాడే చిన్న బిళ్ళ ఉన్నాయి. దొంతికి తీగలు ఆనిస్తే ఆ బిళ్ళ పాడుతుంది.

మదోక గుడ్డుని పైకెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

తెర వెలిసిపోయింది. జీవి ఆనవాలుగా కనబడుతోంది, అంతే. అప్పుడే అది కీమంది. ఆ కూతకి బొమ్మ మొత్తం మాయమై, రెప్పపాటు తర్వాత ఇంకా పలచగా తిరిగొచ్చింది.

"బ్యాటరీ అయిపోతోంది," అంది మదోక. మొహంలో రక్తం లేదు. అయినా ఏడవలేదు. అది చూసి నాకు మరీ భయం వేసింది.

బల్ల వెనకున్న హతనో అనే కాలేజీ అమ్మాయి గుడ్డు అందుకుని చూసింది. "అయ్యో, పూర్తిగా ఆరిపోతే పుట్టుక నుంచీ ఉన్నదంతా చెరిగిపోతుందండీ. మళ్ళీ కొత్త గుడ్డే."

"ఇక్కడ బ్యాటరీలు అమ్మరా?"

"పండగ కదండీ, గడియారాల కొట్లన్నీ మూసేశారు. స్టేషను దగ్గర పెద్ద బజారొక్కటే తెరిచుంటుంది. సైకిలు మీద నేను తెచ్చేస్తాను." మాట్లాడుతూనే చిన్న స్క్రూడ్రైవరుతో గుడ్డు వెనక మూత ఊడదీసింది. "ఈలోగా మరీ ఆరిపోయేలా ఉంటే నాణేల దొంతి పేర్చండి. ఆరు పదులు, ఆరు ఒకట్లు. నాణేల మధ్య తడికాగితం. ముందు పాటబిళ్ళతో పరీక్షించండి, పాడితేనే దీనికి కలపండి. ఎర్రతీగ పది వైపు, నల్లతీగ ఒకటి వైపు. బ్యాటరీలు తీశాక దానికి నాలుగు ఊపిర్ల పాటే జ్ఞాపకం ఉంటుంది, ఆలోపే తీగలు ఆనించాలి."

"ఆ పెట్టెలోదే ఇవ్వకూడదా?"

"తాళం ఆఫీసులో ఉందండీ, పండక్కి అదీ మూసే ఉంది," అని పరుగెత్తింది.

నేను చిల్లరసంచీ బల్ల మీద బోర్లించాను. గబగబా పని మొదలుపెట్టాను. కాగితం ముక్క ఉప్పునీళ్ళలో ముంచాను, నాణెం పెట్టాను, చుట్టాను. ఇంకో ముక్క, ఇంకో నాణెం, చుట్టాను. నాణెం కనబడితే కాగితంలో చుట్టడం నా వేళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య, మెదడుని అడగవు. పన్నెండు పొట్లాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి రెండు వేళ్ళతో నొక్కిపట్టాను.

"పాటబిళ్ళకి ఆనించు."

మదోక తీగలు ఆనించింది. చప్పుడు లేదు.

"సరిగ్గా పెట్టావా?"

"పెట్టానండీ."

ఇంకా గట్టిగా నొక్కాను. ఉప్పునీళ్ళు మళ్ళీ చిలకరించాను. తీగలు అటువి ఇటు మార్చమన్నాను. ఆ బిళ్ళ ఉలకదు, పలకదు. "నలభయ్యేళ్ళు కంచు పోసినవాడి పెళ్ళాన్నే, నా మాటే వినవా!" అని నాణేల మీద అరిచాను. చుట్టూ పిల్లలు మూగారు. ఎవరి గుడ్డు కూసినా వాళ్ళు గుప్పిట్లో అదిమేస్తున్నారు, పక్కింట్లో ఎవరికో ఒంట్లో బాగోలేనట్టు. ఒక పిల్లాడి తల్లి నవ్వుతూ, "పోన్లెండి పెద్దమ్మగారూ, బొమ్మేగా. బొత్తాం నొక్కితే మళ్ళీ పుడుతుంది," అంది.

"నువ్వు నోరు ముయ్యి!" అన్నాను. పొద్దున నేనన్న మాటే అది. ఇంకొకరి నోట వింటే ఎంత నీచంగా ఉందో తెలిసింది.

తెర మీద జీవి ఇప్పుడు తడి చేత్తో తాకితే మిగిలే మరకలా ఉంది. నేను మదోక వైపు చూశాను. పెదాలు బిగించి నిలబడింది. కళ్ళు మాత్రం నా చేతుల మీద నుంచి అద్దాల పెట్టె మీదికీ, పెట్టె మీద నుంచి నా చేతుల మీదికీ తిరుగుతున్నాయి. ఏదో చెప్పబోయి మింగేసింది.

"ఏంటి?"

"ఏం లేదండీ."

"ఏదో ఉంది. చెప్పు."

"సాయొకోగారు ఇంత శ్రమపడుతుంటే..."

గుడ్డు కీమంది. తెర ఖాళీ అయిపోయింది. పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. బొమ్మ రాలేదు. ఇంకా రాలేదు. తర్వాత మధ్యలో రెండు చుక్కలు మాత్రం తేలాయి.

"ఆపు!" మదోక కీచుమని అరిచింది. "తప్పు చేస్తున్నావ్! అన్నిటికీ ఎందుకు చుట్టావ్? అందులో చూడు! పదికీ ఒకటికీ మధ్య కాగితం ఉంది, మళ్ళీ ఒకటీ పదీ ఒట్టిగా ఆనుకున్నాయి! కాగితం లేకుండా! నువ్వు అన్నిటికీ చుట్టేశావ్!"

నేను పెట్టెలోకి చూశాను. నిజమే. పది, తడికాగితం, ఒకటి. ఆ ఒకటి మీద నేరుగా ఇంకో పది. హతనో నాణేల మధ్య అంది కానీ ప్రతి నాణేనికీ అనలేదు.

"ముందే చెప్పొద్దుటే!"

"ఎలా చెప్తాను! పెద్దవాళ్ళని తప్పు పట్టకూడదని అమ్మ చెప్పింది!"

"నన్ను పట్టొచ్చు! అరవాలి! నా మీద అరవాలే పిల్లా! చింపు, చింపు!"

ఇద్దరం పొట్లాలు చింపాం. ఉప్పునీళ్ళు బల్లంతా కారాయి. మదోక నాణేలు అందిస్తోంది, నేను పేరుస్తున్నాను. "పది... కాగితం... ఒకటి... కాగితం వద్దు! నీ చెయ్యి మళ్ళీ అటే వెళ్తోంది!" అని నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. దెబ్బ చురుక్కుమంది. మారుమాట్లాడకుండా పేర్చాను.

"పాటబిళ్ళ పెట్టనా?"

తెర మీద ఒక్క చుక్క మిగిలింది. "టైము లేదు. బ్యాటరీలు తీసెయ్."

"పని చెయ్యకపోతే?"

"నాకు తెలీదే తల్లీ. తియ్యి."

నేను దొంతిని రెండు చేతులా బిగించి, పైనొక తీగ, కిందొక తీగ బొటనవేళ్ళతో అదిమాను. మదోక బ్యాటరీలు గోటితో మీటింది. ఒకటి ఎగిరి నేల మీద పడింది. రెండోది రాలేదు. "రా, రా, రా," అంటూ పళ్ళతో ఊడలాగింది. ఒక ఊపిరి. తీగ కొస జారింది. రెండు. మళ్ళీ పట్టుకుంది. మూడు. ఎర్రది ఆనింది. నల్లది ఆనింది.

తెర ఖాళీ.

"ఇంకా నొక్కు," అంది పిల్ల.

నా వేళ్ళలో ఉన్న బలమంతా పెట్టాను. కణుపులు పటపటమన్నాయి. దేవుడా, నాకు ఇంకేమీ వద్దు, ఆ దొడ్డికెళ్ళే చుక్కల జీవి ఒక్కటీ లేచి కూర్చుంటే చాలు అనుకున్నాను. మా ఆయన ఆపరేషనప్పుడు కూడా ఇంత చేటు మొక్కలేదు.

నల్లటి చుక్కలు ఒక్కసారిగా లేచాయి. జీవి తెర మధ్యలో గెంతింది. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. పిల్లలు కేకలు పెట్టారు.

"వదలకు! నాయనమ్మా, వదలకు!" అంటోంది మదోక. అన్న సంగతి దానికి తెలియదు. నాకు కళ్ళు మసకబారాయి. తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేదు, అలాగే నిలబడ్డాను.

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. భుజాలు మొద్దుబారాయి, ఉప్పునీళ్ళు మోచేతుల దాకా కారాయి. మధ్యలో నా వేలు సడలితే బొమ్మ పలచబడేది, మదోక మోకాలితో నన్ను పొడిచేది. చెమటలు కక్కుతూ హతనో వచ్చి, కొత్త బ్యాటరీలు వేసి, మూత బిగించాక గానీ దొంతి వదల్లేదు. విప్పితే నా రెండు బొటనవేళ్ళ మీదా నాణేల అంచులు అచ్చు పడ్డాయి.

గుడ్డు కీమంది. అందరం ఉలిక్కిపడి చూశాం. తెర మూలన చిన్న కుప్ప, దాని మీద పొగలు.

"దొడ్డికెళ్ళింది!" అని మదోక పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడుపులోకి దిగింది. వెక్కిళ్ళు పెట్టి, ముక్కు కారుతూ, పదిమందిలో. బ్యాంకు గుమాస్తాలు అలా ఏడవరు. నేను దగ్గరికి తీసుకుంటే నా కిమోనో చేతికే ముక్కు తుడుచుకుంది.

హతనో అట్టముక్క మీద చివరి ముద్ర వేసింది.

బయటికొచ్చేసరికి ఎండ మండిపోతోంది. గుమ్మం పక్కన చల్లటి బార్లీ టీ అమ్మే యంత్రం ఉంది. బల్ల మీద తడిసిన చిల్లరంతా గుప్పిట్లోకి తీశాను. అలవాటుగా నా రెండో చెయ్యి కాగితం కోసం రొండిలోకి వెళ్ళింది. మదోక ఆ చెయ్యినే చూస్తోంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఉప్పునీళ్ళు కారుతున్న నాణేలు ఉన్నవి ఉన్నట్టే దాని ముందుకు చాచాను.

"ఇంద."

వంగలేదు. నమస్కారం పెట్టలేదు. ఒక్క చేత్తో లాక్కుని యంత్రం దగ్గరికి పరుగెత్తింది. సగం దారిలో వెనక్కి తిరిగి అరిచింది.

"నువ్వూ తాగుతావా, నాయనమ్మా?"