ఏడో నంబరు తాళంచెవి

మా చరిత్ర సంఘం తరఫున బడులకు పెట్టెలు తిప్పేది నేనే. పెట్టెలో ఊరి పాత వస్తువులు పన్నెండు ఉంటాయి, ఒక్కోదానికి ఒక చీటీ. అదేమిటో, ఎవరిదో ముందువైపు మేం రాస్తాం. వెనకవైపు ఖాళీ. పిల్లలు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి దాన్ని నింపాలి. "కల్పించి రాయొద్దు, అడిగి రాయండి" అని ప్రతి తరగతిలోనూ మొత్తుకుంటాను. చెప్పేవి శ్రీరంగనీతులు!

ఏడో నంబరు వస్తువు తాళంచెవి. తగలబడిపోయిన నూలుమిల్లు వెనకగేటుది. ఆ రోజు పంతొమ్మిది మంది ఆడవాళ్లు ఆ గేటు దగ్గరే కాలిపోయారు. చీటీ మీద నా చేతిరాతే: "శిథిలాల్లో దొరికింది. ఎవరిదో తెలియదు." పచ్చి అబద్ధం. అది మా నాన్నది. ఆయన అక్కడ వాచ్‌మన్. పనివేళలో ఎవరూ జారుకోకుండా యజమాని గేటుకు తాళం వేయించేవాడు. మంటలు లేవగానే నాన్న తాళం తీయలేదు, నడుముకున్న తాళంచెవితోనే పరుగెత్తాడు. తర్వాత బతికినన్నాళ్లూ మా ఇంట్లో తలుపు గడియ పెట్టనివ్వలేదు. ఆయన పోయాక దాన్ని దాచుకోలేక, పారేయలేక పెట్టెలో వేశాను.

మొన్న పెట్టె వెనక్కి తెచ్చుకుందామని ఆరో తరగతికి వెళ్లాను. "పిల్లలు భలే రాశారు, వినండి మేడం" అంది టీచరు. చివరి బల్ల మీది పిల్ల లేచి ఏడో చీటీ చదివింది.

"మంటల్లో మా అమ్మమ్మ వాళ్లక్క చనిపోయింది. ఈ తాళంచెవి వాచ్‌మన్‌ది. పేరు మాత్రం అమ్మమ్మ చెప్పలేదు."

"ఎందుకని?" అంది టీచరు.

"ఆ వాచ్‌మన్ కూతురు ఈ ఊళ్లోనే ఉందంట, టీచర్. పాపం, ఆమెకు ఇదంతా తెలిసుండదు, ఇప్పుడెందుకు ఆ పిల్ల మనసు కష్టపెట్టడం అంది."

అక్కను పోగొట్టుకున్న మనిషి నన్ను కాపాడుతోంది! నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. చీటీ అడిగి తీసుకున్నాను. ముందువైపు నేను రాసిందంతా కొట్టేసి, 'మా నాన్నది' అని రాసి, ఆ పిల్ల చేతికే ఇచ్చాను.

"గట్టిగా చదువమ్మా."

చదివింది. పిల్ల చీటీ రెండు వైపులా తిప్పి చూసి, తలెత్తింది.

"అయితే మీకు ముందే తెలుసా మేడం?"

"తెలుసు."

"మరి మా అమ్మమ్మకి ఏం చెప్పమంటారు?"