మారు చుక్క

"కంటి దవా గుడ్ల అరల పెడ్తవా? శనివారమొస్తే నేను గుడ్ల దిక్కు గూడ చూడనని ఎర్కలేదా?" మా అత్తమ్మ మొగిలమ్మ ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడింది.

"సీసా పడకుంట నిలబడేది అండ్లనే అత్తమ్మా."

"పడితే లేపుత. నిన్న నా కొత్తిమీర తీసేసినవ్, ఇయ్యాల నిమ్మకాయలు."

నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో పడుకున్న నా కూతురు శ్రావణి నవ్వింది. "కనుగుడ్డు మందు గుడ్ల అరల గాక ఇంకేడ పెడ్తరు నానమ్మా?"

శ్రావణి హసన్‌పర్తిలో డిగ్రీ చదువుతోంది, కాలేజీ జట్టులో కబడ్డీ ఆడుతుంది. కోర్టులో అద్దాలు పెట్టుకోనివ్వరు, లెన్సులు ఆమెకు పడలేదు. అందుకే ఎప్పుడూ కార్నర్‌లో నిలబడి, కూతకు వచ్చినవాళ్ల కాళ్లు పట్టేది. మనిషి మసకగా కనిపించినా కాలు దొరికితే చాలు కదా. అద్దాల అవసరం పోవాలని పోయిన శుక్రవారం హనుమకొండలో లేజర్ చేయించాం. కంటి పైపొర తీసి చేశారు. అది నాలుగైదు రోజుల్లో మళ్లీ పుడుతుంది. అంతవరకు కంటి మీద కట్టులాంటి పలుచటి లెన్స్, చీము పట్టకుండా యాంటీబయాటిక్ చుక్కలు. పొర కలిశాక నెల రోజులు ఆట బంద్. జిల్లా సెలక్షన్లు ఇంకో ఐదు వారాల్లో ఉన్నాయి.

మర్నాడు బుధవారం కంటి పరీక్షకు ముగ్గురం వెళ్లాం. డాక్టర్ లావణ్య రెండు కళ్లూ చూసి పెదవి విరిచింది.

"ఇప్పటికి కలవాలి. ఇంకా జొన్నగింజంత ఖాళీ ఉంది. చుక్కలు ఎన్నిసార్లు వేస్తున్నారు?"

"రోజుకు నాలుగు." నేను టిక్కులు పెట్టిన కాగితం చూపించాను. ఒక్క పూట తప్పలేదు.

ఆమె సీసా ఊపి చూసింది. "నాలుగైతే సగమన్నా ఉండాలి. ఇది అడుగంటింది."

నాకు కొంచెం రోషం వచ్చింది. అంతలో శ్రావణి అడిగింది, "నానమ్మా, నువ్వేసేది ఇంకో సీసా గాదా?"

అత్తమ్మ కొంగు సర్దుకుంది. "గదే సీసా. కోడలు ఒక్కపారి ఏసి పోతది. ఒక్కపారి వడ్డిస్తరా ఎవలన్నా? పగోనికి పెట్టినట్టు! గందుకే కొంచెం సేపాగి నేను మారు ఏసిన."

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "అన్నమైతే మారు మంచిదే అవ్వా. ఈ మందు పురుగును ఆపుతది. ఎక్కువైతే కొత్తగా పుట్టే పొరను గూడ సతాయిస్తది. అట్లని మొత్తం బంద్ చేస్తే చీము పడ్తది. నాలుగంటే నాలుగే." సీసా మార్చి ఇంకో రకం రాసింది. "శనివారానికి కలిస్తే సెలక్షన్లు అందుతయ్. లేకపోతే వచ్చే ఏడే."

దారిలో అత్తమ్మను ఒక్క మాట అనలేకపోయాను. ఇరవై రెండేళ్లుగా నేను మాత్రం ఎవరి కంచంలో ఒక్కసారి వడ్డించి ఊరుకున్నాను?

ఆ మూడు రోజులు నేను చుక్కలు వేస్తుంటే అత్తమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. "నన్ను నేనే నమ్ముతలేను," అనేది.

శనివారం పొద్దున డాక్టరమ్మ లెన్స్ తీసేసి, "కలిసింది," అంది. ఇంకా కొంచెం మసకే, రోజులు గడిస్తే తేటపడుతుందట. అత్తమ్మ ఆమెకే దండం పెట్టింది.

మధ్యాహ్నం మా ఆయన రాంప్రసాద్ బట్టల కొట్టు నుంచి తిండికి వచ్చాడు. దొండకాయ కూర, పప్పుచారు. అందరం కంచాల ముందు కూర్చున్నాక శ్రావణి గొంతు సవరించుకుంది.

"నాన్నా, సెలక్షన్ల నేను కార్నర్ ఆడను. రైడ్‌కు పోత. కోచ్ సార్‌కు ఫోన్ చేసి చెప్పిన."

ఆయనకు పొలమారింది. "జర ఆగి చెప్తే చారన్నా మింగుదును గదనే! ఒక్కదానివే అవతలికి పోవాలె. ఏడుగురు మీద పడ్తరు బిడ్డా!"

"ఎర్కే నాన్నా. ఇగ ఏడుగురు కనపడ్తరు."