కండెకు ఐదు

సిరిసిల్ల సాలెవాడలో సిద్దిరాములు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అలాంటి మనిషిని, తెలంగాణ ఆంధ్రలో కలిసిన మరుసటి ఏడు కార్తీకంలో విషజ్వరం నెల్లాళ్లు మంచాన పడేసింది. లేచేసరికి కుడి భుజంలో సత్తువ లేదు. మగ్గం మీద పేక నూలును అటూ ఇటూ పరుగెత్తించే నాడె తాడు పదిసార్లు గుంజితే చెయ్యి వాలిపోయేది.

నూలిచ్చి నేయించుకునే సావుకారు వచ్చి చూశాడు. "శివరాత్రి దాక ఆగుత. గప్పటికి మగ్గంల కూసోకుంటె పడుగు పక్క మగ్గం దశరథంకిస్త" అని వెళ్లిపోయాడు. పని పోతే ఇంట్లో పొయ్యి ఆరినట్టే.

మొండివాడు ఊరుకుంటాడా! కుస్తీలు నేర్పే తాలీంకు పోయి, ఉస్తాదు వద్దంటున్నా పళ్లు బిగబట్టి ఒక్క ఊపులో ముప్పై దండీలు తీశాడు. మర్నాడు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాడు. నాలుగు రోజులు మూలిగి, ఐదోనాడు మళ్లీ పోయి మళ్లీ ముప్పై. ఈసారి వారం రోజులు పడక.

ఆ రోజుల్లో అతని భార్య బాలలక్ష్మి పొరుగిళ్ల మగ్గాలకు నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టి ఇల్లు నెట్టుకొస్తోంది. రాట్నం ముందు కూర్చుని మొగుడి మూలుగు విని విని విసిగిపోయింది.

"నూలును గట్ల గుంజుతవా? తెగుతదని జర పైలంగ పడుతవు. పాణం మీదనే నీ జోరంత! ఇగ తాలీం బంద్. నేను 'కండె' అన్నప్పుడు లేసి ఐదే తియ్యి. ఆరోది తీసినవో, గంజి గూడ పొయ్య."

"ఐదుతోని ఏమైతదే? పోరగాండ్ల ఆటనా?"

"సప్పుడు జెయ్యక తియ్యి."

నిండిన ప్రతి కండెకూ ఒక పిలుపనుకున్నాడు సిద్దిరాములు. మొదటి పిలుపుకు గోడకు చేతులానించి ఐదు దండీలు. మరో పిలుపుకు కూర్చుని లేచే బస్కీలు ఐదు. ఆ తర్వాతి పిలుపుకు దూలం పట్టుకుని ఐదు అంకెలు లెక్కపెట్టేదాకా వేలాడటం. మళ్లీ మొదటికి. చెమటైనా పట్టేది కాదు. ఇదేం కసరత్తని గొణిగేవాడు. నెల తిరిగేసరికి గోడ వదిలి నేల మీదే దండీలు తీస్తున్నాడు. ముప్పైకే మంచాన పడ్డవాడు పొద్దుగూకేసరికి యాభై తీస్తున్నానని తెలిసి నోరు తెరిచాడు. నొప్పన్న మాటే లేదు!

శివరాత్రికి మూడు రోజుల ముందు మగ్గంలో కూర్చున్నాడు. పొద్దంతా నాడె ఆగలేదు. సావుకారు గడపలో నిలబడి చూసి, పడుగు మాట ఎత్తకుండా వెళ్లిపోయాడు.

సాయంత్రం పక్కింటి సత్తమ్మ తన కండెల గంప కోసం వచ్చింది. "దినాం యాభై కండెలు సుట్టినవు బిడ్డా, నీ చేతులు సల్లగుండ!"

సిద్దిరాములు తల తిప్పాడు. "యాభయ్యా? ముప్పై కంటె ఎక్కువ నన్నెన్నడు పిలువలే గదనే!"

"నీకు దమ్మొచ్చి ఎగపోస్తుంటె పిలువలే" అంది బాలలక్ష్మి, నూలు సర్దుకుంటూ. "జొరంల నుంచి లేసినోనివి. నీకేమో ఆగుడు తెల్వది. నీ ఊపిరి ఇనుకుంటనే సుట్టిన."

సిద్దిరాములు తన ఊపిరి తానే ఏనాడూ విన్నవాడు కాదు. ఈ మనిషి లేకపోతే తన చెయ్యి, తన మగ్గం ఏమయ్యేవోనని తలుచుకుంటే కళ్లు నిండాయి. సత్తమ్మ చూస్తోందన్న సిగ్గు కూడా లేకుండా రెండు చేతులూ ఎత్తి మొక్కాడు.

"అయ్యో, పెండ్లానికి మొక్కుతవా! నాకు పాపం తగులుతది."

"నీకు గాదే," అన్నాడు సిద్దిరాములు, "నీ చెవులకు."