మొదటి రోజు బట్టలు

బట్టల గది తలుపు తీయగానే ముక్కిపోయిన గుడ్డల వాసన ముఖాన కొట్టింది. వెనక నిలబడ్డ కార్యదర్శి జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. ఆయమ్మ పెట్టుకోలేదు. ఈ వాసనకు తన ముక్కు ఎప్పుడో మొద్దుబారిందని ఆమె అనుకుంటుంది.

"ఇస్త్రీ వాళ్ళ సంచి తియ్యి ఆయమ్మా, మొదటి రోజుది," అన్నాడతను.

ఆశ్రయానికి వచ్చినవాళ్ళ ఒంటిమీది బట్టలు విప్పించి, ఉతక్కుండా సంచిలో కట్టి ఇక్కడ పడేయడం పద్ధతి. వచ్చిన రోజు ఒక ఫొటో, ఇల్లు దక్కిన రోజు ఇంకో ఫొటో తీసి, పక్కపక్కన అచ్చువేసి దాతలకు పంపుతారు. మొదటిది చెడిపోతే మళ్ళీ తీయడానికి బట్టలుండాలి కదా. ఇస్త్రీ అమ్మాయి కుటుంబం వచ్చిన రోజు వాన, కరెంటు లేదు. ఫొటోలో మూడు నల్లటి ముద్దలు తప్ప ఏమీ పడలేదు. ఆ సంగతి కార్యదర్శికి ఇల్లిచ్చే ఇవాళే గుర్తొచ్చింది.

ఇళ్ళు కట్టించిన దాత మధ్యాహ్నానికల్లా వస్తాడు. ఈలోగా పాత బట్టల్లో గోదాము గోడ దగ్గర ఒకటి, ఆనక కొత్త బట్టల్లో కొత్త గుమ్మం ముందు ఒకటి కానిచ్చేస్తే సరి. పది నిమిషాల పని అన్నాడు, పన్ను పీకే డాక్టరులా. కొత్తింటి తాళంచెవి అతని జేబులో ఉంది. మాట్లాడుతున్నంతసేపూ వేళ్ళతో దాన్ని గలగలలాడిస్తూనే ఉన్నాడు.

ఆయమ్మ ఫొటోలు కూడా ఆఫీసు గోడకు ఉన్నాయి. రెండో దాంట్లో ఆమె ఒక నీలం తలుపు పక్కన నవ్వుతూ నిలబడింది. ఆ తలుపు వేరేవాళ్ళది. ఆమెకు దక్కింది బట్టల గది మూల ఒక మంచం, జీతమని చెప్పుకోలేని జీతం. రోజూ ఆ గోడ తుడిచేటప్పుడు, తన నవ్వు మీదికి గుడ్డ వచ్చేసరికి నోట్లో చేదు ఊరుతుంది. ఎవరు నవ్వమంటే నవ్విందో ఆమెకు గుర్తే.

గోదాములో గోనె తెరలు కట్టి గదులు చేశారు. బయట బోర్డు మీద 'అత్యవసర ఆశ్రయం' అని ఉంటుంది. ఆ అత్యవసరంలోనే ఇస్త్రీ అమ్మాయి కూతురికి పాలపళ్ళు ఊడి కొత్తపళ్ళు వచ్చాయి. మొగుడు సెంట్రింగు పనిలో పడి కాలు విరగ్గొట్టుకుంటే, అద్దె కట్టలేక రోడ్డున పడ్డారు. హోటలు దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తూ ఆమే నెట్టుకొస్తోంది. ఇవాళ మాత్రం ముందు తమ ముగ్గురి బట్టలూ మడత చెదరకుండా ఇస్త్రీ చేసి పెట్టుకుంది.

"చూశావా పెద్దక్కా, పెళ్ళయిన ఇన్నాళ్ళకి మీ మరిది ఓ ఇంటివాడవుతున్నాడు," అంది తెర ఎత్తుతూనే. అతను సబ్బు పూసుకున్న గడ్డంతో నవ్వాడు.

ఆయమ్మ నవ్వలేక సంచి విప్పింది.

పిల్ల తన పాత గౌను చూసింది. ఏడవలేదు. కొత్త చెప్పులు విప్పి పక్కన పెట్టి, కట్టిన మూటలోంచి దుప్పటి లాగి మళ్ళీ నేలమీద పరవసాగింది.

"ఇల్లు లేదంటనా, పెద్దమ్మా?" అంది తలెత్తకుండా.

ఆయమ్మ విషయం చెప్పింది. ఇస్త్రీ అమ్మాయి కాసేపు గౌను కేసే చూసి, తామిద్దరం వేసుకుంటామనీ, పిల్లకు మాత్రం వద్దనీ చెప్పి పంపింది.

కార్యదర్శికి నవ్వొచ్చింది. "పెద్దవాళ్ళని ఎవరు చూస్తారు ఆయమ్మా? పిల్ల కనిపిస్తేనే దాత చెయ్యి జేబులోకి పోతుంది. పట్టకపోతే వెనక చింపి వెయ్యి. ఫొటోలో వీపు పడదుగా." తర్వాత నెమ్మదిగా, ఇష్టం లేకపోతే ఇల్లు తర్వాతి కుటుంబానికి పోతుందని, వాళ్ళ సంచీ ఆ గదిలోనే ఉందని గుర్తుచేశాడు. జేబురుమాలు విదిల్చాడు. సంచి వాసన పట్టని ఆయమ్మ ముక్కుకు ఆ రుమాలు అత్తరు ఘాటుగా తగిలింది.

ఎంతమంది పిల్లలకు తానే ఇలా తొడిగింది. పది నిమిషాలే తల్లీ, కళ్ళు మూసుకో అని ఎంత తియ్యగా చెప్పింది. ఆ తియ్యదనం తలుచుకుంటే ఆమెకు తన నాలుకే రోతగా అనిపించింది.

కత్తెర పట్టుకుని వెళ్ళి, అతనన్నది అన్నట్టు చెప్పింది. ఇస్త్రీ అమ్మాయి గౌను అందుకుని, బేరానికొచ్చిన బట్టను చూసినట్టు కుట్లు తిరగేసి చూసింది. తర్వాత దుప్పట్లకోసం కలిపి పెట్టుకున్న సబ్బునీళ్ళ బకెట్టులో పడేసి లోపలికి అదిమింది.

"మాసిన గుడ్డ పెద్దక్కా. మాసిన గుడ్డని ఇంకేం చేస్తాం?"

చేతులు చీరకు తుడుచుకుని మూట మీద కూర్చుంది. సగం గీసిన గడ్డంతో మొగుడు ఆమెను చూశాడు.

బయట కారు ఆగింది. కార్యదర్శి తెర ఎత్తాడు. ఆయమ్మ చప్పున వంగి, రెండు చేతులూ మోచేతులదాకా బకెట్టులో పెట్టింది.

"గౌనేదీ?"

"నానబెట్టానండి."

"ఎవరు నానబెట్టమన్నారు?"

"ఎవరూ అనలేదండి. నేనే నానబెట్టాను. మిగతా సంచులు కూడా నానబెడతాను."

జేబులో తాళంచెవి చప్పుడు ఆగింది. ఎప్పటిదో వానరోజు బురద కరిగి నీళ్ళు నల్లబడుతున్నాయి. ఆయమ్మ చేతులు తీయలేదు. పిల్ల దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది, పరవాలో మడవాలో ఎవరైనా చెప్తారని.